26 సెంటర్లు, 26 మంది టీచర్లు: ఒక్కొక్కరితో విడిగా ఎలా కూర్చోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో కొత్తగా సెక్టార్ సూపర్‌వైజర్‌గా చేరారు. మీ కింద 26 అంగన్‌వాడీ సెంటర్లు, టీచర్లలో సగం మంది మీకంటే పదిహేనిరవై ఏళ్లు పెద్దవాళ్లు. సెక్టార్ మీటింగులో అందరితో కలిపి మాట్లాడితే సరిపోదు, ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి అని ప్రాజెక్టు మొత్తానికి అధికారి అయిన సీడీపీఓ గారు చెప్పారు. ఎలా మొదలుపెట్టాలో, ఏం మాట్లాడాలో తెలియడం లేదు, ఫార్మాట్ ఏదైనా ఉంటే పెట్టమని అడిగారు.

ఫార్మాట్ నా దగ్గర లేదమ్మా. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో 22 ఏళ్లు సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను, బీరువాలో ఓ డజను లాంగ్ నోట్‌బుక్కులు మిగిలాయి. ఆ నోట్‌బుక్కుల్లో ఏముందో చెప్తాను, పనికొచ్చింది తీసుకోండి.

అన్నిటికంటే ముందు ఒక విషయం. తనిఖీ వేరు, ఈ మాట్లాడుకోవడం వేరు. రెండూ ఒకే రోజు, ఒకే కుర్చీలో కూర్చుని చేశారంటే రెండూ చెడతాయి. నేను మొదటి రెండేళ్లూ చేసింది అదే. సెంటర్‌కి వెళ్లడం, హాజరు రిజిస్టర్ తెరవడం, స్టాక్ చూడడం, గుడ్లు లెక్కపెట్టడం, తప్పులన్నీ విజిట్ బుక్‌లో రాయడం, అంతా అయ్యాక పెన్ను మూసి "ఇంకేంటమ్మా, ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడగడం. అప్పటిదాకా ఎర్ర ఇంకుతో రాసిన మనిషి అడిగితే ఎవరు చెప్తారు? "ఏం లేవు మేడం, అంతా బాగుంది" అనేవాళ్లు. నేను కూడా నిజంగానే ఏం లేవనుకుని బస్సెక్కేదాన్ని. అలా అంతా బాగుందన్న ఒక టీచర్ ఐదు నెలలుగా గ్యాస్ సిలిండర్ సొంత డబ్బుతో తెప్పిస్తోందని, బిల్లులు పెట్టినా రాలేదని, చివరికి చెవి కమ్మలు తాకట్టు పెట్టిందని నాకు పక్క ఊరి ఆయమ్మ చెప్పింది. ఆ బిల్లులు నా సంతకం కోసం నా బ్యాగులోనే ఉన్నాయి. ఐదు నెలల్లో నాలుగు సార్లు ఆ సెంటర్‌కి వెళ్లొచ్చాను, ఒక్కసారీ ఆ కాగితాలు బయటికి తీయలేదు.

అప్పటి నుంచి నా ప్లానింగ్ అంతా ఒక్క పేజీ మీదే నడిచింది. నోట్‌బుక్‌లో టీచరుకు నాలుగు పేజీలు. ప్రతి పేజీకి మధ్యలో నిలువు గీత. కుడి పక్క ఆమె చేయాల్సినవి, ఎడమ పక్క నేను చేయాల్సినవి. సెంటర్‌కి వెళ్లే ముందురోజు రాత్రి చూసుకోవాల్సింది ఎడమ పక్క. నేను బాకీ ఉన్నవేంటి? సంతకమా, ఎత్తు కొలిచే బోర్డు తెప్పిస్తానన్న మాటా, ఊరి నర్సు ఏఎన్ఎంతో మాట్లాడతానన్న మాటా? ఒక్కటైనా తీర్చకుండా వెళ్తే ఆ రోజు ఆమెను ఏదీ అడగను. ఇది అతిగా అనిపించొచ్చు గానీ చేసి చూడండి. మనం కూర్చోగానే "పోయినసారి మీరు బిల్లు సంగతి చెప్పారు కదా, అది ఇలా అయింది" అని మన బాకీతో మొదలుపెడితే, తరువాత ఆమె బాకీ మనం గుర్తు చేయక్కర్లేదు, తానే ఎత్తుతుంది.

ఇక రోజుల లెక్క. కొత్తవాళ్లందరూ నెలకు 26 మందితోనూ కూర్చుంటామని టూర్ ప్రోగ్రామ్ వేసుకుంటారు, పదో తారీఖుకల్లా అది మూలన పడుతుంది. నెలలో 25 పనిరోజులు అనుకోండి. ప్రాజెక్టు మీటింగు, సెక్టార్ మీటింగు, బుధ శనివారాల టీకాలు, ఊరి పోషణ దినాలు, వీడియో కాన్ఫరెన్సులు, ఎప్పుడో ఊడిపడే సర్వేలు తీసేస్తే మీ చేతిలో ఉండేది పది పన్నెండు రోజులు. ఆ రోజుల్లోనూ తనిఖీలు చేయాలి. కాబట్టి రెండు నెలలకు ఒక చుట్టు పెట్టుకోండి. నెలకు 13 మంది, అంటే వారానికి ముగ్గురు, ఒక వారం మాత్రం నలుగురు. అందరికీ సమానంగా కూడా అక్కర్లేదు. కొత్తగా చేరిన టీచరు, సామ్ పిల్లలు, అంటే పోషకాహార లోపం తీవ్రంగా ఉన్న పిల్లలు, ఎక్కువున్న సెంటరు, ఇంట్లో ఏదో కష్టంలో ఉన్న మనిషి, ఈ ముగ్గురు నలుగురికి ప్రతి నెలా. ఇరవై ఏళ్ల నుంచి చక్కగా నడుపుతున్న పెద్దావిడకు మూడు నెలలకోసారైనా చాలు, కానీ ఆమెను అసలు వదిలేయకండి. బాగా చేసేవాళ్లను మనం ఎప్పుడూ పట్టించుకోం, వాళ్లకు అదే మనసులో ఉండిపోతుంది.

ఎవరితో మొదలుపెట్టాలి అన్నది చిన్న విషయం కాదు. సెక్టార్‌లో అందరూ మంచి టీచరు అని ఒప్పుకునే ఆమెతో మొదలుపెట్టండి. ఫిర్యాదులున్న సెంటర్‌కి మొదట వెళ్లారో, "మేడం విడిగా కూర్చున్నారంటే ఎవరికో మూడింది" అని సాయంత్రానికి 26 ఫోన్లలోనూ తిరుగుతుంది. సెక్టార్ మీటింగులోనే చెప్పేయండి, అందరితోనూ వరసగా కూర్చుంటాను, ఇది తనిఖీ కాదు, రిజిస్టర్లు తెరవను అని. తేదీ మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఎవరికి వాళ్లకి విడిగా ఫోన్ చేసి చెప్పండి. చెప్పాక మార్చకండి. పైనుంచి ఏదో మీటింగ్ పడి తప్పకపోతే మీరే ఫోన్ చేసి అప్పటికప్పుడే ఇంకో తేదీ ఇవ్వండి. రెండుసార్లు వాయిదా పడిందంటే మూడోసారి ఆమె ఎదురుచూడదు.

టైము: పిల్లలు అన్నం తిని పడుకున్నాక. రెండు గంటల నుంచి రెండూ ముప్పావు వరకు. పొద్దున వెళ్తే ఆమె కళ్లు పిల్లల మీద, చెవులు కుక్కర్ మీద ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఇంటి తొందర. స్థలం: సెంటర్ వరండా, వంటగది గడప, బయట చెట్టు కింద రెండు కుర్చీలు. టీచరు ఇంటికి మాత్రం పోవద్దు. కాఫీ ఇస్తారు, అత్తగారు వచ్చి మంచం మీద కూర్చుంటారు, ఇక మాట్లాడేది వానల గురించే. ఆయమ్మను పిల్లల దగ్గర ఉండమనండి. ఆయమ్మతో వేరే రోజు వేరేగా ఒక పావుగంట కూర్చోండి, ఆమె కూడా మీ సిబ్బందే కదా, ఆ సంగతి మన డిపార్ట్‌మెంటులో చాలామందికి గుర్తుండదు. మీ ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేయండి. సీడీపీఓ గారు ఫోన్ చేస్తారేమో అని టెన్షన్ పడితే ముందే చెప్పి ఉంచండి, 2 నుంచి 2.45 దాకా ఎత్తను మేడం అని.

వయసు గురించి అడిగారు. పెద్దవాళ్లను "మీరు" అనండి, "టీచర్ గారూ" అనండి. మన ఆఫీసుల్లో సూపర్‌వైజర్ కుర్చీ ఎక్కగానే యాభై ఏళ్ల మనిషిని కూడా "ఏమ్మా, నువ్వు" అనడం అలవాటు, అది మీరు ఎత్తుకోకండి. అలాగని "అక్కా" అని కూడా మొదలెట్టకండి, రేపు మెమో ఇవ్వాల్సి వచ్చినప్పుడు నోరు రాదు. ఆమెకు మీకంటే ఎక్కువ తెలిసిన విషయం ఒకటి వెతికి దాని గురించి నిజంగా అడగండి. పాలు మాన్పించే తల్లితో ఎలా మాట్లాడతారు, ఏడ్చే పిల్లాణ్ణి మొదటి వారం ఎలా నిలబెడతారు? ఇవి మీకు ఏ ట్రైనింగ్‌లోనూ దొరకవు.

ఇప్పుడు ఆ ముప్పావుగంట సంగతి. మొదట మీ బాకీలు, ఐదు నిమిషాలు. తరువాత పావుగంట పూర్తిగా ఆమెది. "ఇబ్బందులేమైనా ఉన్నాయా" అని అడగకండి, దానికి జవాబు ఎప్పుడూ "లేవు మేడం" అనే. "ఈ నెలలో ఏ పని మీకు ఎక్కువ టైము తినేసింది?" అనండి. "ఏ ఇంటికి వెళ్లాలంటే కాళ్లు రావు?" అనండి. ఈ రెండో ప్రశ్నతో నాకు తెలిసినన్ని విషయాలు ఏ రిపోర్టులోనూ తెలియలేదు. తాగి గొడవ చేసే తండ్రి ఉన్న ఇల్లు, బాలింతను బయటికి రానివ్వని ఇల్లు, సెంటర్ గుడ్డు కులం చూసి తీసుకోని ఇల్లు, అన్నీ అక్కడే బయటపడతాయి. అడిగాక ఆగండి. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, మీరే ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది, అనకండి.

ఆ తరువాత మీరు తెచ్చిన విషయం ఒకటి, మహా అయితే రెండు. ముందురోజు రాత్రి మనం లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆ సెంటర్ తెరిచి చూసుకోండి, బరువులు ఎంతమందివి ఎక్కాయి, సామ్ ఎంతమంది, మామ్ (లోపం మధ్యస్థంగా ఉన్నవాళ్లు) ఎంతమంది, ఇంటికిచ్చే సరుకులు, అదే టేక్ హోమ్ రేషన్, ఎక్కడ ఆగింది అని. పది తప్పులు కనిపిస్తాయి. వాటిలో పిల్లకి నేరుగా తగిలే ఒక్కదాన్ని పట్టుకుని మిగతా తొమ్మిదీ తనిఖీకి వదిలేయండి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక సెంటర్‌లో ఉన్నట్టుండి రెండు నెలల్లో సామ్, మామ్ పిల్లలు ముగ్గురి నుంచి ఎనిమిది మందికి పెరిగారు. ప్రాజెక్టు మీటింగులో ఆ సెంటర్ పేరు అందరి ముందూ చదివారు. టీచరు కొత్తమ్మాయి, భయపడిపోయి ఉంది. నేను ఆ రోజు పేపర్లు తీయలేదు, "ఒక పాపకి మీరు ఎత్తు ఎలా కొలుస్తారో నాకు చూపించండి" అన్నాను. నిద్ర లేచిన ఒక పాపను తీసుకొచ్చింది. మూడేళ్లుంటాయి, జుట్టంతా నడినెత్తికి లాగి రబ్బరు బ్యాండు పెట్టి పిలక వేసి ఉంది. పాపను బోర్డుకి ఆనించి నిలబెట్టింది, మడమలు ఆనాయి, చూపు తిన్నగా ఉంది, అన్నీ బాగా చేసింది, పైనున్న చెక్కను దించింది, అది పిలక మీద ఆగింది. చదివింది, రాసుకుంది. నేనేమీ అనలేదు, పాపను దగ్గరికి పిలిచి పిలక విప్పి, "ఇంకోసారి చూడండి" అన్నాను. రెండు సెంటీమీటర్లు తగ్గింది. ఆ అమ్మాయి నా ముఖం చూసింది, బోర్డు చూసింది, "అయ్యో మేడం, ఆడపిల్లలే ఎక్కువ ఉన్నారు లిస్టులో" అంది. బరువు అంతే ఉండి ఎత్తు ఎక్కువ పడితే, ఎత్తుకు తగ్గ బరువు లేదని యాప్ పిల్లను కింది గీతలోకి తోసేస్తుంది కదా. ఎనిమిది మందినీ మళ్లీ కొలిస్తే నిజంగా మిగిలింది నలుగురు. ఆ నలుగురిలో ఒక బాబుకి జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లలోపే ఉంది, వాణ్ణి వెంటనే ఆసుపత్రికి పంపాం. పిలకల లెక్కల మధ్య వాడు కూడా ఒక నంబరై పోయేవాడు.

ఇదే సంగతి నేను విజిట్ బుక్‌లో "కొలతలు సరిగా లేవు, సరిచేయవలెను" అని రాసి వచ్చినా తప్పు కాదు. కానీ ఏది సరిగా లేదో ఆమెకు తెలిసేదా? సపోర్టివ్ సూపర్‌విజన్ అని ట్రైనింగుల్లో స్లైడ్ల మీద స్లైడ్లు చూపిస్తారు, నాకు మాత్రం అది ఆ రబ్బరు బ్యాండు దగ్గరే అర్థమైంది. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలన్నది కూడా ఇలా చేయించి చూస్తేనే తెలుస్తుంది, నోటితో అడిగితే అందరూ కరెక్టుగానే చెప్తారు.

కష్టమైన మాటలు చెప్పాల్సినప్పుడు ఏంటి అని మీరు అడగలేదు గానీ మూడో నెలలోనే వస్తుంది. హాజరులో 22 మంది, లోపల 9 మంది. దీన్ని నానబెట్టకండి, చుట్టూ తిప్పకండి. "పోయిన మంగళవారం నేను వచ్చినప్పుడు 9 మంది ఉన్నారు, రిజిస్టర్‌లో 22 ఉంది. ఎలా జరిగిందో చెప్పండి" అని చెప్పి ఆగిపోండి. ఈ రెండు వాక్యాలూ ముందే కాగితం మీద రాసుకోండి, లేకపోతే అక్కడికి వెళ్లాక మొహమాటానికో కోపానికో వేరేగా వస్తాయి. మా వైపు ఒకావిడ ఏం చెప్పిందంటే, మిర్చి కోతలకు గుంటూరు వైపు పోయిన కుటుంబాల పిల్లలు మేడం, పేర్లు తీసేస్తే సెంటర్‌లో పిల్లలు లేరని పక్కదాంట్లో కలిపేస్తారేమో అని ఉంచాను, అంది. తప్పు తప్పే. కానీ ఆ భయం నాకు తెలియకపోతే నేను రాసే మెమోతో ఒక్క పిల్లకూ అన్నం రాదు. వలస పోయినవాళ్లను ట్రాకర్‌లో ఎలా చూపాలో, ఆ పిల్లలకు వెళ్లిన చోట సెంటర్‌లో పేరు ఎలా ఎక్కించాలో ఆ రోజు ఇద్దరం కూర్చుని చేశాం. అదే సరుకులు అమ్ముకున్న కేసు అయితే మాత్రం దాన్ని ఈ ముప్పావుగంటలోకి తేకండి. అది రాతపూర్వకంగా, పద్ధతి ప్రకారం, సీడీపీఓకి తెలిపి చేయాల్సిన పని. చనువుగా మాట్లాడించి అందులో విన్నది మెమోలో పెడితే ఒక్కసారికే 26 నోళ్లూ మూతపడతాయి.

ఇంటి కష్టాలు చెప్పుకుంటే? చెప్పుకుంటారు, ఏడుస్తారు కూడా. మీరు కౌన్సెలర్ కాదు, అక్కడికక్కడ పరిష్కారం చెప్పాలని లేదు. దెబ్బలు తింటోందని తెలిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం సంగతి చెప్పండి, కావాలంటే తోడు వెళ్లండి. మనమే ఊరందరికీ చెప్పే నంబర్లు మన టీచర్లకు చెప్పడం మర్చిపోతాం. నోట్‌బుక్‌లో మాత్రం అవి రాయొద్దు. ఒక చుక్క పెట్టుకోండి, మీకు అర్థమవుతుంది.

జీతాల సంగతి ప్రతిసారీ వస్తుంది, రానివ్వండి. 2023 డిసెంబరులో మన ఆంధ్రాలో మొదలైన సమ్మె 42 రోజులు జరిగింది, అప్పటికి టీచరుకు 11,500, ఆయాకు 7,000. సమ్మె అయ్యాక నేను పెట్టుకున్న మొదటి చుట్టులో అజెండా అన్నదే లేదు, వినడమే. కొందరు నా మీదే కోప్పడ్డారు, "మీరు మాత్రం మా వైపు నిలబడ్డారా మేడం" అని. లేదు, నిలబడలేదు, అదే చెప్పాను. మీకు నా సలహా: మీ చేతిలో లేనిదానికి మాట ఇవ్వకండి. గౌరవ వేతనం, బదిలీలు, అద్దె బకాయిలు, ఇవి మీరు తేల్చలేరు. "నా చేతిలో లేదు, పైకి రాస్తాను, వచ్చే నెల 10వ తారీఖుకి ఏమైందో చెప్తాను" అనండి. పదో తారీఖున ఏమీ కాకపోయినా ఫోన్ చేసి ఏమీ కాలేదని చెప్పండి. గ్రాట్యుటీ గురించి అడిగేవాళ్లు ఉంటారు, 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లకు, హెల్పర్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చిందన్నది తెలిసి వెళ్లండి, తెల్లముఖం వేయకండి.

చివరి ఐదు నిమిషాలు నోట్‌బుక్‌కి. అక్కడే, ఆమె ముందే రాయండి. కుడి పక్క ఒకటో రెండో, ఎడమ పక్క ఒకటో రెండో, తేదీతో. రాసింది పైకి చదవండి. ఆమె ఫోన్‌తో ఆ పేజీ ఫొటో తీసుకోమనండి. సంతకాలు వద్దు, సంతకం అడగ్గానే అది మళ్లీ తనిఖీ అయిపోతుంది. టీ ఇస్తే తాగండి, టిఫిన్ తెప్పిస్తానంటే మాత్రం వద్దనండి, ఆ డబ్బులు ఎక్కడినుంచి వస్తాయో మీకు తెలుసు.

ఒక్క సంగతి ముందే చెప్తున్నాను. పది మందితో కూర్చునేసరికి మీ ఎడమ పక్క ఇరవై పైగా బాకీలు చేరతాయి. వాటిలో సగం సీడీపీఓ ఆఫీసులో తేలాల్సినవే. ఆ జాబితా పట్టుకుని వెళ్లి, మీతో కూడా నెలకో అరగంట విడిగా కూర్చోమని ఆ మేడంని అడగండి. మిమ్మల్ని కూర్చోమని చెప్పింది ఆవిడే కదా, కాదనలేరు.